బలదియా ముద్ర ఉన్న ఇల్లు

ఒమాన్ రాజధాని మస్కట్‌లోని రువీ హైస్ట్రీట్‌లో బంగారం కొట్ల షట్టర్లన్నీ దించే ఉన్నాయి. శుక్రవారం పొద్దున ఏడున్నరకి తెరిచి ఉండేవి టీ కొట్లే. మలబారు కుర్రాడు ఎత్తు నుంచి పోసిన చాయ్ కాగితపు గ్లాసులో మీ చేతికొస్తుంది. వంద బైసాల చిన్న నోటు అతని చేతికి పోతుంది. మే నెల కాబట్టి ఎండ అప్పుడే మెడ మీద చురుక్కుమంటోంది. పక్కనే నిలబడ్డ రాయచోటి అన్న టీ ఊదుకుంటూ మీ ఫోనులోకి తొంగి చూస్తాడు. రాత్రి మీరు డూబిజిల్‌లో, ఓపెన్‌సూక్‌లో ఏరి పెట్టుకున్న ఇళ్ళ ఫొటోలు వరసగా జారుతున్నాయి. తెల్లటి టైల్సు, ఖాళీ హాలు, కిటికీలోంచి కొండ.

"ఫొటోలో కాపరం చేస్తావా తమ్ముడూ?" అంటాడు అన్న. "నడువు. గోడలు చదివితే తెలుస్తాది."

మీ లెక్క మీకు కంఠతా వచ్చేసింది. జీతం 450 రియాళ్ళు, ఇంటద్దె అలవెన్సు అందులోనే. రియాలంటే మన డబ్బులో రెండు వందల పైమాట కాబట్టి రాజమండ్రిలో కూర్చుని విన్నవాళ్ళకి అది పెద్ద జీతమే. ఇంటి లోను కట్టి, అమ్మకి పంపి, మిగిలినదాంట్లో ఇక్కడ బతకాలి. అద్దె 150 దాటిందంటే నెల చివర అప్పే. కంపెనీ ఇచ్చిన గది ఈ నెలాఖరుదాకానే. ఆగస్టులో స్కూళ్ళు తెరిచేలోపు భార్యని, మూడో తరగతి పాపని తీసుకురావాలి.

అన్న 2005లో వచ్చాడు. వాదీ కబీర్‌లో ఏసీ డక్టుల పని. మస్కట్‌లో తెలుగువాళ్ళు ఇల్లు మారాలన్నా, అద్దె తగ్గించమని అడగాలన్నా మొదట ఫోను చేసేది ఇలాంటి అన్నకే. కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు, జగిత్యాల, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, ఈమధ్య ఆఫీసు ఉద్యోగాలకి వచ్చిన మీలాంటివాళ్ళు. అందరికీ ఎవరో ఒక అన్న ఉంటాడు.

హైస్ట్రీట్ వెనక సందులోకి తిరుగుతారు. నాలుగైదు అంతస్తుల పాత బిల్డింగులు, అన్నీ తెలుపు, కాకపోతే గోధుమ రంగు. నగరమంతా లేత రంగులే ఉండాలన్నది మునిసిపాలిటీ కట్టడి. ప్రతి కిటికీ కిందా విండో ఏసీ ముందుకు పొడుచుకొచ్చి, దాని చివరనుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కింద నిలిపిన కార్ల మీద పడుతున్నాయి. మీరు నడుస్తున్న ఈ రువీలో యాభై ఏళ్ళ కిందట విమానాలు దిగేవంటే నమ్మబుద్ధి కాదు. బైత్ అల్ ఫలజ్ రన్‌వే ఇక్కడే ఉండేది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక, 1973లో సీబ్‌లో కొత్త విమానాశ్రయం తెరిచారు. ఖాళీ అయిన ఆ చదును నేల మీద బ్యాంకులు, ఆఫీసులు లేచాయి, వాటి చుట్టూ వాటిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు. మస్కట్ గవర్నరేట్‌లో ఇప్పుడు ఒమానీలకన్నా బయటివాళ్ళే ఎక్కువ. ఆ బయటివాళ్ళలో చాలామంది మొదటి రాత్రి పడుకున్నది ఈ సందుల్లోనే.

కరెంటు స్తంభం దగ్గర అన్న ఆగుతాడు. స్తంభం నిండా కాగితాలు, కింద కత్తిరించి వేలాడదీసిన ఫోను నంబర్ల తోకలు. "బెడ్ స్పేస్, కేరళ వెజిటేరియన్." "ఫ్యామిలీ ఓన్లీ, ఒక గది, అటాచ్డ్ బాత్." "ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్స్." "తెలుగువాళ్ళకి మాత్రమే, 35 రియాళ్ళు, కరెంటు నీళ్ళు కలిపి." ఈ ఆఖరిది తెలుగులోనే చేత్తో రాసి ఉంది. మీరు వేలు పెట్టి చూపిస్తారు.

"చూద్దాం పా," అంటాడు అన్న. "నీకు కాదులే. చూసి పెట్టుకో."

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. గుమ్మం బయట పదకొండు జతల చెప్పులు. లుంగీలో ఉన్న కుర్రాడు తలుపు తీసి, "రండ్రి అన్నా, గీడ కూసోండ్రి," అని మంచం మీద దుప్పటి సర్దుతాడు. ఒకప్పుడు అది హాలు. ఇప్పుడు మధ్యన జిప్సం బోర్డు గోడ. ఇటు నాలుగు, అటు నాలుగు రెండంతస్తుల మంచాలు. ప్రతి మంచానికీ ఒక కర్టెన్, ఒక ప్లగ్గుల పలక, దానికి వేలాడే ఛార్జరు. ఫ్రిజ్ తెరిచి చూపిస్తాడు. అరలకి ప్లాస్టరు ముక్కలు అంటించి పేర్లు రాసుకున్నారు. ఒకే పేరున్నవాళ్ళు ముగ్గురు కాబట్టి ఊరి పేరు కూడా కలిపారు. వంటింట్లో స్టవ్ పక్కన ఎవరు ఏ రోజు వండాలో కాగితం. సోనా మసూరి బియ్యం బస్తా ఒక్కటే అందరిదీ.

"ముప్పై అయిదులనే కరెంటు, నీళ్ళు, నెట్టు అన్నీ అండ్లనే," అంటాడు జగిత్యాల కుర్రాడు. "ఏసీ రాత్రంత నడుస్తది. పరేషాన్ లేదు."

బయటికొచ్చాక మీరు నోరు తెరిచేలోపే అన్న అందుకుంటాడు. "ఆ బోర్డు గోడ జూసినావు గదా? బలదియా వాళ్ళు తనిఖీకి వస్తే మొదట ఊడేది అదే. పిల్లోళ్ళు ఒంటిగా ఉండారు కాబట్టి సరిపోతాంది. ఫ్యామిలీని తెచ్చుకునేటోడికి అది ఇల్లు కాదు."

బలదియా అంటే మునిసిపాలిటీ. ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు బతాకా (గుర్తింపు కార్డు), అర్బాబ్ (యజమాని) అన్న మాటలతోపాటు ముందు నేర్చుకునే మాట అదే. పెళ్ళయి, పిల్లలున్నా సరే, వాళ్ళు ఇక్కడ లేకపోతే అద్దె ఇళ్ళ లెక్కలో మీరు బ్యాచిలరే. కుటుంబాలుండే బిల్డింగుల్లో బ్యాచిలర్లని వాచ్‌మన్ మెట్ల దగ్గరే ఆపేస్తాడు.

రెండో కాగితం నంబరుకి అన్న ఫోను చేస్తాడు. దార్‌సైత్ పక్కన, కృష్ణ మందిరానికి నడిచి వెళ్ళేంత దూరం. తెలుగు కుటుంబమే, విజయవాడ వాళ్ళు. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఒకటి ఇస్తారట. ఆవిడ మంచినీళ్ళిచ్చి గది చూపిస్తుంది. గది బావుంది. బాత్రూము వేరే. వంటిల్లు ఇద్దరికీ ఉమ్మడి, సాయంత్రం ఆరింటి దాకా ఆవిడది, తర్వాత మీది. తొంభై రియాళ్ళు, అన్నీ కలిపి. మీ గుండె ఒక్కసారి తేలికవుతుంది. తొంభై! మిగిలిన అరవై పాప స్కూలు ఫీజుకి సరిపోతాయి. గుడి పక్కనే, ఇండియన్ స్కూలు దగ్గరే, చుట్టూ మనవాళ్ళే.

మీరు సరే అనబోతుంటే అన్న నెమ్మదిగా అడుగుతాడు. "అమ్మా, అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉందమ్మా?"

"మా వారి పేరు మీదే బాబూ. మీకు వేరే అగ్రిమెంటు కుదరదు కదా. అర్బాబ్‌కి తెలిస్తే ఒప్పుకోడు."

మెట్లు దిగుతున్నప్పుడు మీకు కోపంగానే ఉంటుంది. అన్న పట్టించుకోడు. "తొంభై రియాళ్ళ గదిలో నువ్వొక్కడివే పడుకుంటావు. నీ భార్యాబిడ్డ రాజమండ్రిలోనే ఉంటారు. వీసాకి ఏం జూపిస్తావు?"

ఈ ఊళ్ళో ఇంటివేటకి కీలకం అక్కడే ఉంది. ఒమాన్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవడానికి జీతానికొక పరిమితి ఉంటుంది. 2017లో దాన్ని 600 రియాళ్ళ నుంచి 300కి తగ్గించారు. తర్వాత ఇంకా సడలింది. అలా మీలాంటి జీతాలవాళ్ళకి దారి తెరుచుకుంది. కానీ జీతం సర్టిఫికెట్టు ఒక్కటే చాలదు. మీ పేరు మీద, బలదియాలో నమోదైన అద్దె ఒప్పందం కావాలి. మీరు ఎక్కడ తలదాచుకున్నారన్నది కాదు, ఏ తలుపు మీద మీ పేరుందన్నది వీసా అధికారి చూసేది. తొంభైకి దొరికే గదీ, నూట యాభైకి దొరికే ఇల్లూ ఒకే తక్కెడలో తూగవు. మొదటిది ఖర్చు తగ్గిస్తుంది. రెండోది ఇంటిల్లిపాదినీ రప్పిస్తుంది.

పదకొండున్నర దాటేసరికి వీధి ఖాళీ అవుతుంది. మసీదు వైపు మనుషులు కదులుతున్నారు. జుమ్మా నమాజు అయ్యేదాకా ఏ ఇంటి యజమానీ ఫోనెత్తడు, ఎత్తాలని ఆశించడం మర్యాదా కాదు. ఒక మెస్సులో అన్నం, పప్పు, గోంగూర పచ్చడి ముందు కూర్చుంటారు. అన్న వేళ్ళు మడుస్తూ మీకు చట్టం చెబుతాడు. పుస్తకంలో చదివింది కాదు, రెండు కేసుల్లో సాక్షిగా నిలబడి నేర్చుకున్నది.

అద్దె ఒప్పందాలకి ఇక్కడ ఆధారం 1989 నాటి సుల్తానీ శాసనం, నంబరు 6/89. తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి. ఒప్పందాన్ని బలదియాలో నమోదు చేయించాలి, దానికి అద్దె మీద శాతం లెక్కన ఫీజు. ఈ ఫీజు తప్పించుకోవడానికే కొందరు యజమానులు "కాగితం ఎందుకు, మనిద్దరం మనుషులం కదా" అంటారు. ఆ మాటకి పడిపోతే రేపు గొడవొచ్చినప్పుడు మీ చేతిలో ఉన్నది అధికారుల ముందు చెల్లని చిత్తుకాగితం. ఇల్లు ఖాళీ చెయ్యాలన్నా, చేయించాలన్నా ఒప్పందం ముగియడానికి మూడు నెలల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ గడువు మరిచిపోతే ఒప్పందం మళ్ళీ పొడిగించినట్టే.

"ఇంగొకటి," అంటాడు అన్న, మజ్జిగ గ్లాసు దించి. "ఏడాదికి పన్నెండు చెక్కులు ముందే రాసిమ్మంటారు. ఖాతాలో డబ్బుల్లేక చెక్కు తిరిగొచ్చిందనుకో, ఇది అప్పు గొడవ కాదు, పోలీసు కేసు. జీతం లేటయింది సార్ అంటే ఎవుడూ వినడు. ఎన్ని చెక్కులిస్తావో చూసుకొని ఇయ్యి."

మూడింటికి రువీ బస్‌స్టాండులో ఎర్రటి మువాసలాత్ బస్సెక్కుతారు. ఒకటో నంబరు, రువీ నుంచి మబేలా. 2015 నవంబరులో ఈ ఎర్ర బస్సులు మొదలయ్యేదాకా ఈ ఊళ్ళో కారు లేనివాడికి దిక్కు నారింజ పట్టీల టాక్సీయే, లేకపోతే కిక్కిరిసిన వ్యాను. లోపల చల్లగా ఉంది. సుల్తాన్ ఖాబూస్ రోడ్డు మీద బస్సు పడమటికి సాగుతుంది. వతయ్యా, ఖుర్మ్, అల్ ఖువైర్. ఎడమచేతి పక్కన చెట్టన్నది లేని కొండలు, కుడిచేతి పక్కన సముద్రం ఉందని తెలియడమే తప్ప కనపడదు. అన్న ఒక్కో పేరుకీ ఒక్కో ధర చెబుతాడు. ఖుర్మ్ మనకి కాదు. ఖువైర్, గుబ్రాలో రెండు బెడ్‌రూములు రెండు వందలకి కిందికి దిగవు. పెద్ద మసీదు గుమ్మటం దాటాక మీ ఆఫీసుండే గలా వైపు దారి. ఆ చుట్టుపక్కల ఇళ్ళకి మీలాంటివాళ్ళందరూ ఎగబడతారు కాబట్టి అక్కడా అంతే. ఎయిర్‌పోర్టు దాటాక ధరలు తగ్గడం మొదలవుతుంది.

మబేలా. రోడ్డు మీద దిగి లోపలికి టాక్సీ. కొత్త బిల్డింగులు, వాటి మధ్య ఇంకా ఇసుకే. బాల్కనీలకి "ఫర్ రెంట్" బ్యానర్లు, పైన అరబీలో, కింద ఇంగ్లీషులో. ఒకటి కాదు, వరసగా. 2014 చివర్లో చమురు ధర పడిపోయాక, ఆపైన 2020లో కోవిడ్ వచ్చి లక్షలమంది సొంత దేశాలకి వెళ్ళిపోయాక, కట్టిన ఇళ్ళు మిగిలిపోయి యజమానుల గొంతులు మెత్తబడ్డాయి. నూట యాభైకి ఇక్కడ రెండు బెడ్‌రూములు, రెండు బాత్రూములు, కొత్త స్ప్లిట్ ఏసీలు. హాల్లో పాప సైకిలు తొక్కొచ్చు. మీరు వీడియో కాల్ చేస్తారు. రాజమండ్రిలో అప్పటికి సాయంత్రం ఆరు దాటింది.

"అబ్బ, ఎంత బావుందండీ!" అంటుంది భార్య. తర్వాత అడుగుతుంది. "కూరగాయల కొట్టు ఎక్కడండీ?"

మీరు ఫోను బాల్కనీ వైపు తిప్పుతారు. ఇసుక, ఒక మసీదు, దూరంగా ఒక పెట్రోలు బంకు. దగ్గర్లో నడిచివెళ్ళే కొట్టేదీ కనపడదు.

ఇంతలో కింద పసుపుపచ్చ ట్యాంకరు వచ్చి ఆగుతుంది. లావుపాటి గొట్టం సెప్టిక్ ట్యాంకులోకి దించుతారు. వాసన మూడో అంతస్తుకి ఎక్కుతుంది. ఈ వీధికింకా మురుగు లైను రాలేదు, నెలకిన్నిసార్లు ట్యాంకరు, దాని ఖర్చు అద్దెవాళ్ళందరూ పంచుకోవాలని వాచ్‌మన్ చెబుతాడు. మస్కట్‌లో ట్యాంకరు రంగు చూసి పని చెప్పొచ్చు. నీలం రంగైతే మంచినీళ్ళు, పసుపుపచ్చయితే మురుగు. అన్న లెక్క వేస్తాడు. అద్దె నూట యాభై. ట్యాంకరు. మెయిన్ రోడ్డు దాకా రోజూ రెండుసార్లు టాక్సీ. నువ్వు ఆఫీసుకెళ్ళాక భార్య బయటికి పోవాలంటే మళ్ళీ టాక్సీ. ఏడాది తిరక్కముందే పాత కారు కొంటావు. కారు అంటే లైసెన్సు, ఇన్సూరెన్సు, పెట్రోలు. "ఇల్లు పెద్దది. ఖర్చు ఇంకా పెద్దది," అని తేల్చేస్తాడు.

"అమెరాత్‌లో నూట పదికే ఉందట అన్నా," అంటారు మీరు, తిరుగు బస్సులో. రాత్రి చూసిన ప్రకటన ఇంకా మనసులో ఉంది. అమెరాత్ అంటే కొండలకి అవతల. రువీ నుంచి వాదీ అదై గుండా వెళ్ళాలి.

అన్న కాసేపు మాట్లాడడు. తర్వాత గోను సంగతి చెబుతాడు. 2007 జూన్ మొదటివారం. అరేబియా సముద్రంలో అప్పటిదాకా చూసినవాటిలో అంత బలమైన తుఫాను లేదు. "ఏటిలో ఎప్పుడూ నీళ్ళు చూడలేదు తమ్ముడూ. ఎండిన రాళ్ళే. ఆ రాత్రి కొండలన్నీ ఒకేసారి నీళ్ళు కక్కినాయి. ఖుర్మ్ దగ్గర కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్నాయి. రోడ్లు కొట్టుకుపోయినాయి, కుళాయిలో నీళ్ళు రాలే." దేశంలో యాభైమంది దాకా ప్రాణాలు పోయాయి. 2010లో ఫెట్, 2021 అక్టోబరులో షాహీన్ వచ్చాయి. ఆ తర్వాత రోడ్లు, కట్టలు బాగుపడ్డాయి, అమెరాత్‌లో వేలమంది సుఖంగానే ఉన్నారు. కానీ ఇల్లు వాదీకి, అంటే ఆ ఎండు ఏటికి, ఎంత ఎత్తులో ఉంది, వాన పడితే ఆఫీసుకి దారి ఉంటుందా అని అడక్కుండా అక్కడ బయానా ఇవ్వకూడదు. కారు లేనివాడికి ఆ రెండో ప్రశ్నకి జవాబు చాలాసార్లు లేదనే.

చీకటి పడుతుండగా వాదీ కబీర్‌లో దిగుతారు. ఇది అన్న పేట. స్పేర్‌పార్టుల దుకాణాలు, వర్క్‌షాపులు, వాటి వెనక పాత ఇళ్ళ వరసలు. నాలుగు అంతస్తుల బిల్డింగు, రెండో అంతస్తు. ఒక బెడ్‌రూము, హాలు, వంటిల్లు. సొంత రాష్ట్రం వెళ్ళిపోతున్న తమిళ కుటుంబం జూన్‌లో ఖాళీ చేస్తుంది. స్కూళ్ళు వేసవి సెలవులిచ్చే ముందు ఇలా చాలా ఇళ్ళు ఖాళీ అవుతాయి, సోఫాలు, ఫ్రిజ్‌లు కూడా చవగ్గా అమ్మేస్తారు. అడుగుతున్న అద్దె 160.

అన్న గోడలవైపు చూడడు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సింకు కింద అలమర తెరిచి, ఫోను లైటు వేసి, మూలలో చూస్తాడు. బొద్దింకలు అటూ ఇటూ పరిగెడతాయి, కానీ కొన్నే. "మందు కొడితే పోతాయి." రెండు ఏసీలూ వేయించి, కాలక్షేపం కబుర్లు చెబుతూ ఇరవై నిమిషాలు నిలబెడతాడు. బెడ్‌రూములోది చల్లబడుతుంది. హాల్లోది గుర్రుమంటూ గాలి మాత్రం ఇస్తుంది. బాత్రూములో కుళాయి తిప్పి చెయ్యి పెట్టమంటాడు. మీరు చెయ్యి వెనక్కి లాక్కుంటారు. మేలోనే ఇంత వేడి. ట్యాంకు డాబా మీద, ఎండలో.

"వేసవిలో గీజరు స్విచ్చి ఆపెయ్యండి," నవ్వుతూ చెబుతుంది తమిళావిడ హిందీలో. "నీళ్ళు రాత్రంతా దాంట్లో ఉంటే పొద్దునకి చల్లబడతాయి. వేడినీళ్ళు కుళాయిలో, చన్నీళ్ళు గీజర్లో."

ఆ నీళ్ళు సముద్రం నుంచి వచ్చినవే. గుబ్రాలో 1976లో మొదలైన ఉప్పునీటి శుద్ధి కేంద్రంతో ఈ నగరం కుళాయి తిప్పడం నేర్చుకుంది. పై అంతస్తు కాకపోవడం మేలని అన్న మెల్లగా చెబుతాడు. డాబా కింద ఇల్లయితే జూన్‌లో ఏసీ పగలూ రాత్రీ ఆగదు. 2021 జనవరిలో కరెంటు సబ్సిడీలు దశలవారీగా తగ్గించడం మొదలుపెట్టారు, వేసవి బిల్లు అద్దె పక్కన మరో చిన్న అద్దె. అందుకే గుమ్మం బయట మీటరు నంబరు ఫొటో తీస్తాడు. ఆ ఖాతాలో పాత బాకీ ఏమైనా ఉంటే ఒప్పందానికి ముందే తేలాలి.

మీ భార్యకి మళ్ళీ వీడియో కాల్. హాలు చిన్నదని ఆమె మొహంలోనే తెలుస్తుంది. వంటింటి కిటికీ తెరిచి చూపిస్తారు. కింద మలయాళీ సూపర్‌మార్కెట్, బయట గంపల్లో వంకాయలు, మునక్కాడలు. ఇండియన్ స్కూలు బస్సు ఒకటి మూలన ఆగి ఉంది. "సరే అయితే," అంటుందామె, కాసేపాగి. "సైకిలు తేవద్దులెండి."

యజమాని కింది అంతస్తులోనే ఉంటాడు. తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషా, తలమీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ. మిమ్మల్ని మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో కూర్చోబెట్టి, ముందు ఖర్జూరాలు, చిన్న కప్పులో యాలకుల వాసన వేసే కహ్వా కాఫీ ఇస్తాడు. ఊరు, పిల్లలు, ఉద్యోగం అన్నీ హిందీలోనే అడుగుతాడు, తడుముకోకుండా. కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూనే ఉంటాడు. చాలనుకుంటే కప్పుని కొద్దిగా ఊపి ఇవ్వాలని అన్న మోచేత్తో పొడిచి చెబుతాడు. అద్దె మాట ఆ తర్వాతే.

"నూట అరవై. పన్నెండు చెక్కులు. ఒక నెల డిపాజిట్టు."

అన్న బేరం మొదలుపెడతాడు. గొంతు పెంచడు, అద్దె ఎక్కువ అనడు. ఫ్యామిలీ అంటాడు, చిన్న పాప అంటాడు, గోడలకి మేకులు కొట్టరంటాడు, మూడేళ్ళు కదలరంటాడు. బయట మబేలాలో ఎన్ని బ్యానర్లు వేలాడుతున్నాయో కూడా చెబుతాడు. నూట యాభై. ఇంకొంచెం. నూట నలభై అయిదు. అక్కడ యజమాని ఆగి, "అయితే బలదియా కాగితం వద్దు. ఆ ఫీజు మిగిలితే నీకు నూట నలభైకే ఇస్తాను," అంటాడు.

గదిలో ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. అన్న మీ వైపు చూడడు. ఇప్పుడు మాట్లాడాల్సింది మీరు. నెలకి అయిదు రియాళ్ళు, ఏడాదికి అరవై. మన డబ్బులో పన్నెండు వేల పైమాట. వద్దనడానికి నోరు రాని మొత్తం. పొద్దున తొంభై రియాళ్ళ గది దగ్గరైతే ఎగిరి గంతేసేవారు.

"నూట నలభై అయిదే ఇస్తాను సార్," అంటారు మీరు. "బలదియా కాగితం మాత్రం నా పేరు మీద కావాలి. మా వాళ్ళ వీసాకి అదే ఆధారం."

ఆయన గడ్డం నిమురుకుని నవ్వుతాడు. "ఫ్యామిలీ వస్తోందంటే వేరే మాట. మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు."

చెక్కుల దగ్గర కాస్త సమయం పడుతుంది. కొత్తగా వచ్చారు, బ్యాంకు ఇంకా చెక్కు పుస్తకం ఇవ్వలేదు. మొదటి మూడు నెలలు నగదు, ప్రతి నెలా రసీదు, పుస్తకం వచ్చాక మిగతా నెలలకి చెక్కులు అని ఒప్పుకుంటారు. ఇంకో మాట మీరే అడుగుతారు. ఉద్యోగం పోయి వీసా రద్దయితే రెండు నెలల నోటీసుతో, మిగతా చెక్కులు వెనక్కి తీసుకుని ఖాళీ చేసే వీలు ఉండాలి. దాన్ని ఒప్పందంలో రాయించాలి. అన్న కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు. ఈ మాట ఆయన చెప్పలేదు.

ఆదివారం ఆఫీసులు తెరుచుకున్నాక సనద్ సెంటర్లో కూర్చుంటారు. ప్రభుత్వ పనులు కంప్యూటర్లో నింపిపెట్టే ఒమానీ దుకాణం అది. కౌంటర్ వెనక అమ్మాయి యజమాని కార్డు, ఇంటి పత్రం, స్థలం కొలతల కాగితం, మీ బతాకా ఒక్కొక్కటే తీసుకుని అరబీలో కొడుతుంది. వీధికి పేరు లేదు. వే నంబరు, బిల్డింగు నంబరు, ఫ్లాటు నంబరు. మీరు చదవగలిగింది ఆ అంకెలే. అయినా ప్రతి అంకెనీ మీ బతాకాతో పోల్చి చూస్తారు, ఎందుకంటే ఒక్క అంకె తేడా వచ్చినా వీసా కౌంటర్లో మళ్ళీ మొదటికి. నెల అద్దె గళ్ళో 145.000. ఒమాన్‌లో రియాలుకి వెయ్యి బైసాలు కాబట్టి చుక్క తర్వాత మూడు సున్నాలు. రెండు నెలల నోటీసు షరతు ఎక్కడుందని అడిగితే ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక లైను చూపిస్తుంది. యజమాని దాన్ని బిగ్గరగా హిందీలో చదివి వినిపిస్తాడు. ఫీజు చెరిసగం. ప్రింటరు నుంచి వెచ్చగా బయటికొచ్చిన కాగితం మీద మునిసిపాలిటీ ముద్ర, నమోదు నంబరు.

కాగితం ఫొటో తీసి రాజమండ్రి పంపుతారు. పోలీసు శాఖలో వీసా దరఖాస్తుకి ఏమేం జత చెయ్యాలో అన్న మళ్ళీ వేళ్ళు మడుస్తాడు. జీతం సర్టిఫికెట్టు, పెళ్ళి సర్టిఫికెట్టు, పాప పుట్టిన సర్టిఫికెట్టు. రెండో, మూడో కాగితాల మీద అటెస్టేషన్ ముద్రలు హైదరాబాదులోనో ఢిల్లీలోనో వేయించాలి, అది ఇవాళే మొదలుపెట్టమని మీ బావమరిదికి చెప్పు, జూన్‌లో అందరూ ఎగబడతారు.

తాళంచెవి జూన్‌లోనే. అది చేతికిచ్చేటప్పుడు హాల్లో ఏసీ సంగతి యజమానికి మరోసారి గుర్తుచేయాలని మీరంటారు. అద్దెతోపాటు ఏసీ బాగుచేయించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించడం మాత్రం ఎవరికీ తోచలేదు.

అన్న డక్టుల పని చేసి నల్లబడ్డ గోళ్ళ వైపు చూసుకుని, "ఖల్లివల్లి, వదిలెయ్," అంటాడు. "అది నేను చేస్తాలే. గ్యాసు డబ్బులు మాత్రం నీవి."